నేను అడగని మత్తడి

కొత్త రాష్ట్రం వచ్చాక మూడో వానాకాలం మొదట్లో నన్ను నీటిపారుదల శాఖ చెరువుల సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. సర్వీసు ఇంకో రెండేళ్లే ఉంది. హైటెక్ సిటీ వెనక నుంచి నల్లగండ్ల దాకా ఉన్న చెరువులూ కుంటలూ నా కిందికి వచ్చాయి. ఆ ప్రాంతం నాకు కొత్త కాదు. అంతకు పదేళ్ల ముందు అసిస్టెంట్ ఇంజనీరుగా అక్కడే చెరువుల సర్వేకు, ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం పట్టుకుని గట్ల మీద తిరిగాను. అందుకే ఆర్డరు చేతికి రాగానే, చివరి రెండేళ్లూ తెలిసిన చోట హాయిగా గడిచిపోతాయని సంబరపడ్డాను. ఎంత తెలివితక్కువ సంబరమో ఆ వానాకాలం ముగిసేలోపే తెలిసింది.

మా ఆఫీసుకు వచ్చే కాగితాల్లో చాలావరకు ఎన్.ఓ.సి. దరఖాస్తులే. చెరువు దగ్గర ఎవరైనా ఇల్లు కట్టాలన్నా, కట్టిన ఇంటికి గోడ లేపాలన్నా, ఆ జాగా చెరువులోకి రాదని మేం రాసివ్వాలి. దానికి ఆధారం ఎఫ్.టి.ఎల్., అంటే పూర్తి నీటి మట్టం. చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లే రాతి అంచు ఒకటుంటుంది. ఆ అంచు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అదే ఎత్తులో చెరువు చుట్టూ గీత తిప్పుతాం. గీత లోపల ఇటుక పెట్టడానికి వీల్లేదు. గీత దాటాక కూడా కొంత మేర ఖాళీగా వదలాలి. దాన్ని బఫర్ అంటారు, చిన్న చెరువుకు తొమ్మిది మీటర్లు. ఎవరి ఇల్లు ఉంటుంది, ఎవరిది పోతుంది అన్నదంతా ఆ ఒక్క అంచు మీద ఆధారపడి ఉంటుందన్నమాట. మా గోదావరి వైపు దాన్ని అలుగు అంటారు. తెలంగాణలో మత్తడి అంటారు, అలుగు అని కూడా అంటారు. రెండూ ఒకటేనని నేను చదువుకున్నాను. ఆ పాత సర్వేకు వచ్చేదాకా డిజైన్ల ఆఫీసులో బల్ల ముందు కూర్చుని గీతలు గీసినదాన్ని కనుక, అంతకు మించి తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్లిన వారం మూడు రోజులు తెరిపి లేకుండా వాన కొట్టింది. నాలుగో రోజు ఎస్తేరు అనే ఆవిడ నా ఆఫీసుకు వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చెప్పుల నిండా బురద. చాలా ఏళ్లు బోరబండలో కిరాయికి ఉండి, నల్లగండ్ల దాటాక ఒక చిన్న చెరువు పక్కన సొంత ఇల్లు కొనుక్కున్నారట. ఆ చెరువు పేరు ఇక్కడ రాయను. అక్కడ ఇంకా మనుషులు కాపురాలు చేస్తున్నారు.

ఆవిడ దరఖాస్తు ఇంటి వెనక కాంక్రీటు గోడ కట్టుకోవడానికి. "జర చూడుండ్రి మేడం, మూడేండ్ల సంది గిదే తిప్పలు. వానొస్తె ఇంట్లకు నీళ్లు. బియ్యం డబ్బాలు మంచం మీద పెట్టుకుంటున్నం. నేను డ్యూటీల ఉన్నా పానమంత ఇంటి మీదనే ఉంటది" అంది.

గోడ కడితే వరద ఆగిపోతుందనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఆ మంటంతా ఆవిడ మీద చూపించాను. గోడ కడితే నీళ్లు మాయమైపోవనీ, పక్కింటివాళ్ల వంటింట్లోకి పోతాయనీ, వాళ్లూ కడితే ఆ పక్కవాళ్లకు పోతాయనీ, అందుకే బఫర్‌ను ఆనుకుని గట్టి గోడలకు అనుమతి ఇవ్వమనీ క్లాసు పీకాను. ఆవిడ సంచిలోంచి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అది ఆ ఇంటి ఎన్.ఓ.సి. కింద పదేళ్ల కిందటి నా సంతకం.

"మీరిచ్చిందే మేడం. గిది చూసే కొన్నం."

నేను కాస్త తగ్గాను. స్థలం చూస్తానని చెప్పి పంపాను.

రెండో రోజు లెవెల్ యంత్రం, స్టాఫ్ పట్టుకునే లస్కర్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. స్టాఫ్ అంటే అంకెలు వేసిన పొడవాటి కొలత బద్ద, లస్కర్ అంటే మా శాఖ పనివాడు. ఇల్లు చిన్నదే. కింద రెండు గదులు, వంటిల్లు, పైన సగంలో ఆగిపోయిన ఒక గది. ఎస్తేరు అత్తగారు చీపురుతో బురద తోస్తూ, నేను ఎవరో తెలియకుండానే, "ఈ కొంపను మా కోడలే పసందు చేసింది, ఇగ అనుభవించాలె" అని గొణిగింది. ఎస్తేరు విననట్టు కుర్చీ తెచ్చి వేసింది.

గోడ మీద నీటి మరక స్పష్టంగా ఉంది. నేల నుంచి రెండడుగుల రెండంగుళాలు. మా మ్యాపు ప్రకారం ఆ ఇంటి నేల పూర్తి నీటి మట్టానికి రెండడుగుల ఎత్తున ఉంది. అంటే చెరువు నీరు మా గీతకు నాలుగడుగుల పైన నిలబడింది! నమ్మలేక యంత్రం మళ్లీ సరిచేసి చదివాను. అదే లెక్క వచ్చింది. అంచు దాటిన నీరు పారిపోవాలి కానీ నాలుగడుగులు ఎక్కి కూర్చోదు. ఎక్కడో దారి మూసుకుపోయి ఉండాలని అలుగు దగ్గరికి బయల్దేరాను.

అక్కడ అలుగు లేదు. దాని మీద తారురోడ్డు ఉంది. కట్ట మీదుగా ఐటీ ఆఫీసులకు రోడ్డు వెడల్పు చేసినవాళ్లు అలుగును మట్టితో పూడ్చి, కింద ఒక్క గొట్టమైనా వేయకుండా రోడ్డు పోసేశారు. అది జరిగి మూడేళ్లయిందని పక్కనున్న టీ బండి ఆయన చెప్పాడు. ఎస్తేరు ఇంట్లోకి నీళ్లు రావడం మొదలై కూడా మూడేళ్లే. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా సంతోషం వేసింది. తప్పు చేసినవాడు దొరికాడు, వాడు నేను కాదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి కదా.

ఆ సంతోషంలో రోడ్డు మీద నుంచే ఎస్తేరుకు ఫోన్ చేశాను. "ఇంక ఫికర్ పెట్టుకోకమ్మా. రోడ్డు కింద కల్వర్టు వేయిస్తాను. వచ్చే వానలకు మీ ఇంట్లోకి చుక్క రాదు" అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో కాగితం మీద లేని మాట ఎవరికీ ఇవ్వని మనిషిని, ఆ రోజు ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఫోన్‌లోనే ఏడ్చేసింది. ఆదివారం చర్చిలో నా పేరున ప్రార్థన చేయించానని తర్వాత చెప్పింది.

కల్వర్టుకు అంచనా వేయాలంటే పాత అలుగు ఎంత వెడల్పో తెలియాలి. పదేళ్ల కిందట దాన్ని నాకు చూపించింది కిష్టయ్య. ఆయన ఆ చెరువుకు నీరటి. తూములు ఎత్తి, దించి, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూసేవాణ్ణి అక్కడ నీరటి అంటారు. పొలాలు పోయాక ఖాజాగూడలో కూతురి దగ్గర ఉంటూ, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పచ్చికకు నీళ్లు పెట్టే పనిలో కుదిరాడని తెలిసింది. ఆయన్ని కలవడానికి గేటు దగ్గర నా ఫొటో తీసి, మెడలో బిళ్ల వేసి, గంటసేపు కూర్చోబెట్టారు. కిష్టయ్య నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "గప్పుడు బక్కగుంటుంటిరి, ఇప్పుడు జర ఒళ్లు జేసిన్రు మేడం" అన్నాడు. సెలవు చెప్పించి జీపులో ఎక్కించుకున్నాను.

రోడ్డు మీద నిలబడి కాలితో కొలిచి, అలుగు పన్నెండు అడుగులు ఉండేదని చెప్పాడు. నేను పుస్తకంలో రాసుకుంటుంటే మామూలుగా అడిగాడు.

"మత్తడికాడ ఏం జేస్తరు మేడం మరి?"

ఇదే కదయ్యా మత్తడి అన్నాను. కిష్టయ్య నా మొహంలోకి చూశాడు. వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడో ఏమో.

"గిది అలుగు మేడం. మత్తడి అటు దిక్కు."

కట్ట అవతలి కొసకు నడిపించాడు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ వెనక సర్కారు తుమ్మ దుబ్బులు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. లస్కర్ కత్తి పట్టుకుని నరుక్కుంటూ పోయాడు. లోపల నల్లటి చెక్కుడు రాళ్ల వరస కనిపించింది. సున్నం పట్టించి, ఒకదానికొకటి బిగించి కట్టిన పని. ఈ కొస నుంచి ఆ కొసకు అరవై అడుగులకు తక్కువ లేదు. రాళ్ల మీద మొన్నటి వరద చెత్త ఇంకా తడిగా ఉంది. పదేళ్ల కిందట ఈ తుమ్మలకు యాభై అడుగుల దూరంలో గొడుగు వేసుకుని, యంత్రం నిలబెట్టి, టీ తాగాను.

మరి నాకు చూపించింది ఏమిటని అడిగాను. గొంతు పెంచే అడిగాను. కిష్టయ్య నిదానంగా చెప్పాడు. ఆయన తండ్రి కాలంలో దిగువ పొలాలకు నీళ్లు చాలక రైతులే కట్టను మత్తడి కంటే నాలుగడుగులు లోతుగా తెంపుకుని, అడుగున బండలు పరుచుకున్నారు. ఆ తెంపిన చోటును ఆ ఊళ్లో అలుగు అంటారు. అప్పటి నుంచి చెరువు ఆ గండి దాటి నిండలేదు, మత్తడి దాకా నీరే రాలేదు. రోడ్డు పోసి గండి మూసేశాక, చెరువు మళ్లీ తన పాత మట్టానికి నిండుతోంది.

"అప్పుడు ఈ మత్తడి సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అలుగేడుంది అని అడిగిన్రు, అలుగు చూపెట్టిన. మత్తడి అడగలె గద మేడం. సర్కారోళ్లకు ఏం గావాల్నో సర్కారోళ్లకు ఎరుక అనుకున్న."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. స్టాఫ్‌ను ఆ రాళ్ల మీద పెట్టించి మూడుసార్లు చదివాను. అలుగు అడుగు కంటే మత్తడి నాలుగడుగుల ఎత్తు. ఎస్తేరు గోడ మీది మరక మత్తడికి రెండంగుళాలు పైన. మొన్న నీరు రెండంగుళాల మందాన ఈ రాళ్ల మీద నుంచి దూకి వాగులోకి పోయిందన్నమాట. చెరువు ఎక్కడి దాకా ఉండాలో అక్కడి దాకానే ఉంది. నేను గీసిన గీతే నాలుగడుగులు కింద ఉంది. నేను సంతకం పెట్టి ఇల్లు కట్టుకోమన్న చోటు చెరువు గర్భం. లెవెల్ పుస్తకంలో అంకెలు రాసుకున్నాను. పాత తాలూకా రికార్డు ఉర్దూలో ఉందని, సర్వే నాడు నేను దాన్ని చదివించుకోలేదు. ఇప్పుడు ఒక ఉర్దూ మాస్టారుతో చదివించాను. మత్తడి ఏ కొసన ఉందో, ఎంత పొడవో మొదటి పేజీలోనే ఉంది.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే నా పై అధికారి, చెడ్డవాడేమీ కాదు. అంతా విని తలుపు వేసి రమ్మన్నాడు. సీలు పడిన మ్యాపును కదిలించవద్దనీ, రోడ్డు కింద కల్వర్టు వేసి అలుగు తెరిస్తే నీటి మట్టం దిగిపోతుందనీ, ఎస్తేరు ఇల్లూ నా పింఛనూ రెండూ దక్కుతాయనీ చెప్పాడు. దాదాపు ఒప్పుకున్నాను. ఒక రోజంతా ఒప్పుకున్నాననే అనుకోండి. మర్నాడు కల్వర్టు నీళ్లు ఎటు పోతాయో చూద్దామని రోడ్డు దిగి కిందికి వెళ్లాను. ఒకప్పటి పొలం కాలువ ఇప్పుడు సందు. సందుకు రెండు పక్కలా కట్టడం పనివాళ్ల రేకుల గదులు, నేల మీద పడుకున్న పసిపిల్లలు. అలుగు తెరిస్తే మొదటి వానకే ఆ నీరంతా వాళ్ల మీద పడుతుంది. మత్తడి కింద మాత్రం పాత వాగు ఖాళీగానే ఉంది. తుమ్మలు కొట్టిస్తే నీటికి దారి అదే. ఎస్తేరును గోడ కట్టొద్దని కసిరి పంపినదాన్ని, నా సంతకం కాపాడుకోవడానికి వరదను ఇంకొకరి ఇళ్లలోకి పంపబోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మ్యాపు తప్పని రిపోర్టు రాశాను. కొత్త గీతలోకి మూడు ఇళ్లు వచ్చాయి. మిగతా రెండింటి యజమానులు కిరాయికి ఇచ్చి వేరే చోట ఉంటున్నారు. సొంత ఇంట్లో కాపురమున్నది ఎస్తేరు వాళ్లే. నోటీసు చేతికి వెళ్లేలోపు నేనే చెప్పాలని వెళ్లాను. ఆవిడ కల్వర్టు పని మొదలైందేమో అనుకుంది. లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. నేను నీళ్లు నమిలి, ఎలాగో చెప్పాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అంటే మేడం, పేరుల తప్పా? ఒక్క మాట తప్పుగ అడిగితె మా ఇల్లు పోతదా?" అంది.

అవునన్నాను. ఆవిడ, అత్తగారున్న వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇల్లు ఉంటదా పోతదా మీ సర్కారు ఇష్టం. ఈ ఇల్లు నేనే ఎంచిన. చూడకుంట, అడగకుంట కొన్ననని మా ఇంట్ల మూడేండ్ల సంది అంటున్నరు. నేను అన్నీ చూసే కొన్నని, తప్పు నాది కాదని మీరు కాగితం మీద రాసియ్యున్రి."

మా రిపోర్టుల్లో తప్పు ఎప్పుడూ ఎవరిదీ కాదు. 'గత సర్వేలో వ్యత్యాసం గమనించడమైనది' అని రాస్తాం. గమనించేదీ మేమే, చేసినవాళ్లు మాత్రం ఉండరు. నేనూ మొదట అలాగే రాశాను. ఆ సాయంత్రం ఆ పేజీ చించి మళ్లీ రాశాను: ఇంటి యజమాని కావలసిన అనుమతులన్నీ పొంది, వాటిని నమ్మి కొన్నారు, ఆమె వైపు ఏ లోపమూ లేదు. స్థానికంగా అలుగు అనే చోటును మత్తడిగా తీసుకుని తప్పు మట్టం నిర్ణయించినది నేను. పై అధికారి ఆ రెండు వాక్యాలూ కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు. రిపోర్టు నకలు ఒకటి ఎస్తేరుకు ఇచ్చాను. ఆవిడ అత్తగారికి చదివి వినిపించమని అడిగితే, నిలబడి చదివాను. ముసలావిడ విని లోపలికి వెళ్లిపోయింది.

నాకు చార్జి మెమో వచ్చింది. ఒప్పుకుంటున్నానని ఒక్క వాక్యం జవాబు ఇచ్చాను. మరుసటి వానాకాలం రాకముందే మూడు ఇళ్లూ తీసేశారు. మత్తడి మీద తుమ్మలు కొట్టించి, రాళ్లు బాగుచేయించడం నా ఉద్యోగంలో చివరి పని. ఆ ఏడు మత్తడి పారింది. సందులో రేకుల గదుల్లోకి నీరు పోలేదు. ఎస్తేరు వంటిల్లు ఉన్న చోట నడుం లోతు నీళ్లు నిలిచాయి.

ఎస్తేరు ఆ రిపోర్టు నకలు పట్టుకుని నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లింది. కేసు ఇంకా నడుస్తోంది. నేను రెండుసార్లు ఆవిడ తరఫున, నా శాఖకు ఎదురుగా సాక్ష్యం చెప్పాను. రెండోసారి ప్రభుత్వ వకీలు నిఘంటువు తెచ్చాడు. అలుగుకూ మత్తడికీ అర్థం ఒకటేనని చదివి, ఇంజనీరై ఉండి ఈ తేడా ఎక్కడి నుంచి తెచ్చారని నన్ను అడిగాడు.

"నిఘంటువులో తేడా లేదండీ. ఆ చెరువులో నాలుగడుగులు ఉంది" అన్నాను.

ఆ మాట రికార్డు చేశారు. ఇప్పుడు ఎవరైనా కుర్ర ఇంజనీర్లు సర్వే గురించి అడిగితే నేను చెప్పేది ఇంతే. స్టాఫ్ నిలబెట్టే ముందు ఊళ్లోవాళ్లను, నీరు బయటికి పోయే చోట్లు ఎన్ని ఉన్నాయో, దేన్ని ఏమంటారో, ఎవరు ఎప్పుడు కట్టారో అడగండి. అన్నీ నడిచి చూడండి. మీకు తెలిసిన పేరు చెప్పి అది ఎక్కడుందని మాత్రం అడగకండి. ఆ పేరున్నదే చూపిస్తారు.